సెవెర్న్ నదిలో చీరమీను

కెనడాలోని మిస్సిసాగాలో మంచు కరిగే రోజుల్లో క్రెడిట్ నది ఒడ్డున నడుస్తుంటే తడి బురద వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు ఇంగ్లండులో సెవెర్న్ నది పక్కన గడిచిన నా చిన్నతనం కళ్లముందు నిలుస్తుంది. అమ్మ అక్కడ గ్లాస్టర్ ఆసుపత్రిలో నర్సు.

వేల్స్ కొండల్లో పుట్టి, ఒకప్పుడు బొగ్గూ ఇనుమూ నింపుకున్న పడవలను మోసి, మా ఊరి దగ్గర మెలికలు తిరిగి సముద్రంలో కలిసే ఆ నది, పెద్ద పోటు రోజుల్లో వెనక్కి పరుగెత్తేది. సముద్రం ఒక్క అలగా లేచి, ఒడ్డు మీది కొమ్మలను విరుచుకుంటూ ఎగువకు పోతుంటే, నాన్న భుజాల మీద కూచున్న తమ్ముడు ప్రేమ్ కేరింతలు కొట్టేవాడు. యానాం పక్కన పుట్టిన అమ్మ మాత్రం, "మా గోదారి పోటుకి ఇంత కోపం ఉండదమ్మా" అనేది.

వసంతంలో ఆ పోటుతోనే పాముల్లాంటి ఈల్ చేపల పిల్లలు అట్లాంటిక్ దాటి వచ్చేవి. వేలెడంత పొడవు, గాజుముక్కల్లా అటువైపు కనిపించే ఒళ్లు. పక్కింటి జార్జ్ అంకుల్, పడవలు నడిపిన వంశంలో చివరి మనిషి, వాటిని చేతివలతో పట్టి మాకో గిన్నెడు ఇచ్చేవారు. తమ ఊళ్లో గోదారిలో చీరలు పరిచి పట్టే సన్నటి చీరమీను అమ్మకు గుర్తొచ్చేది. చింతపండు, అల్లం, పచ్చిమిర్చి వేసి ఇగురు పెడితే, ఆ ఘాటుకు కిటికీ అద్దాలు చెమర్చేవి.

ఏటికేడు గిన్నెలో చేప తగ్గింది. ఒక వసంతంలో అంకుల్ ఖాళీ వలతో తిరిగొచ్చి మా మెట్ల మీద కూలబడి ఏడ్చారు. పెద్దవాళ్లు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మరుసటి ఏడు అంకుల్ అమ్మ పనిచేసే వార్డులోనే మంచాన పడ్డారు. ఒక సాయంత్రం అమ్మ కోటైనా విప్పకుండా నాన్న ముందు నిలబడింది.

"ఈల్స్ వస్తున్నాయా అని అడిగాడండి పాపం. నది నిండా వచ్చేశాయని చెప్పేశాను. ఏం చెప్పమంటారు మరి?"

ఆ వారంలోనే అంకుల్ పోయారు. అమ్మ మళ్లీ నది వైపు వెళ్లలేదు. తర్వాత నాన్న ఉద్యోగం మమ్మల్ని కెనడా తెచ్చింది.

ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు. మొన్న వాంకూవర్‌లో ఉన్న ప్రేమ్‌కి ఫోన్ చేశాను.

"ఒరేయ్, సెవెర్న్ పోటు గుర్తుందిరా?"

"వాట్ రివర్, అక్కా? ఐ వాజ్ ఎ బేబీ. మీటింగ్ ఉంది, తర్వాత మాట్లాడతా."

నది అక్కడే ఉంది. పోటూ వస్తూనే ఉంటుంది. అది మాదని చెప్పడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. నా మాట నిజమేనని తలూపేవాళ్లు అసలే లేరు.