వాన అని రాస్తే కోతులొచ్చినయి

చదువయినంక కృతికకు దొరికిన మొదటి పని బెజ్జంకి రైతు సంఘానికి వెబ్‌సైటు చేయడం. సిద్దిపేటలోని కిరాయి గదిలో కూర్చుని, పేపర్ల వార్తలు దానంతటవే వచ్చి చేరే ఫీడ్ ఒకటి కలిపింది. 'వాన' అన్న అక్షరాలున్న వార్తలే చూపించాలని రాసింది. రైతులకు నచ్చితేనే సైటు ఉంచుకుంటమన్నరు.

చూపించే రోజు పొద్దున్నే హనుమంతునికి మొక్కి బస్సెక్కింది. సంఘం గదిలో అందరి ముందర తెర మీద వార్తలు దిగినయి. 'ఊరి మీద వానరాల దండు.' 'మక్కచేనులో వానరాల వీరంగం.' 'వానరానికి అరటిపండ్లు పెట్టిన టీచరమ్మ.'

వానరంలో వాన ఉందన్న సంగతి కృతికకు తట్టనే లేదు.

"వాన ఏది బిడ్డా?" అన్నడు సంఘం పెద్ద బుచ్చిరాములు.

"తప్పయింది తాతా. ఇప్పుడే తీసేస్త."

"పొద్దుగాల ఏ దేవునికి మొక్కినవు?"

"హనుమంతునికి."

"మరి మొక్కితె రాడా? బలగంతోని వచ్చిండు."

గదంతా గొల్లుమన్నది. కృతికకూ నవ్వాగలేదు. వెనక కూసున్న రైతు స్వరాజ్యమ్మ అడిగింది, "ఆ మక్కచేను ఏ ఊర్ల?"

కృతిక వార్త తెరిచి చూసింది. పక్క ఊరే, నిన్నటి సంగతే.

"అయితే రేపు మా చేనుకే," అని స్వరాజ్యమ్మ కొడుక్కి ఫోన్ కలిపింది, కావలి పోరా అని.

"తియ్యకు బిడ్డా," అన్నడు బుచ్చిరాములు. "సైటు ఉంచుకుంటం. వానకో జాగ, కోతులకో జాగ పెట్టు."

పోయేటప్పుడు స్వరాజ్యమ్మ ఉడకబెట్టిన మక్కకంకి కృతిక చేతిల పెట్టింది. "తిను, వాటి కంట పడకముందే."