బాబాయి చెరువులో దిగిన అల్లుళ్ళు

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. అవతల నా పాత విద్యార్థిని. ఇప్పుడు తనూ పెంటపాడు దగ్గర ఒక బళ్ళో టీచరు. "మేడమ్, ఈ చలికాలం మా పిల్లల్ని కొల్లేటికి తీసుకెళ్తున్నామండీ, పక్షుల్ని చూపించడానికి. మీ బాబాయిగారి చెరువు ఇంకా ఉందాండీ? ఆయన అల్లుళ్ళు ఇంకా వస్తున్నారాండీ?" అంది. నాకు నవ్వాగలేదు, మెట్టు మీదే కూర్చుండిపోయాను. మా బాబాయికి అసలు ఆడపిల్లలే లేరు. ఏమైంది ఏమైంది అంటూ చుట్టూ చేరిన వాళ్ళకి ఆ అల్లుళ్ళ సంగతి చెప్పేసరికి ఎండెక్కి, ఇంట్లో అన్నం చల్లారిపోయింది.

బాబాయి అంటే మా పిన్ని భర్త. ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, అభయారణ్యం హద్దుకు బయట, సొంత భూమిలో ఆయనకి రెండు చేపల చెరువులుండేవి. పెద్ద చెరువులో అమ్మకానికి పెంచే చేప. పక్కనే ఉన్న చిన్నదాంట్లో, పెద్దదాంట్లో వదలడానికి సాకే చేపపిల్ల. మనిషి బంగారం. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టే విషయంలో చేతికి ఎముక ఉండేది కాదు. కానీ చలి మొదలై గూడబాతులు కనిపించాయంటే మాత్రం ఆయన్ని పట్టలేకపోయేవాళ్ళం. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని వచ్చే పెద్ద పక్షులు, పుస్తకాల్లో పెలికాన్లని చదువుకుంటామే, అవి. "దిగారమ్మా అల్లుళ్ళు! సంచీలు కూడా వాళ్ళే తెచ్చుకున్నారు" అని ఒంటికాలి మీద లేచేవాడు. వాటిని తోలడానికి దీపావళి మర్నాడు కైకలూరు బజారుకెళ్ళి, అమ్ముడుపోని తారాజువ్వలన్నీ గంపగుత్తగా కొనుక్కొచ్చేవాడు. చర్చిలో సంఘపెద్ద అయ్యుండి సంచుల కొద్దీ టపాకాయలు మోసుకెళ్తుంటే బజారంతా ఆగి చూసేదట. "మీకు దీపావళి లేదుగా అనేవాళ్ళని డిసెంబర్లో మా మకానికి రమ్మనమ్మా" అనేది పిన్ని. మకాం అంటే చెరువు గట్టు మీద వేసుకున్న పాక. చలికాలమంతా బాబాయి కాపురం అక్కడే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తాడేపల్లిగూడెంలో సైన్సు టీచర్ని. స్టాఫులో అందరికంటే చిన్నదాన్ని కాబట్టి ఎకో క్లబ్బు వచ్చి నా నెత్తిన పడింది. డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళి, బోటు మీంచి పక్షుల్ని చూపించి, బొమ్మలు వేయించి తీసుకురావాలి. పిల్లలు నెల ముందు నుంచీ చార్టులు రాశారు. మావారి స్నేహితుడిని బతిమాలి ఒక బైనాక్యులర్స్ సంపాదించాను. దారిలో టిఫిను పిన్ని దగ్గర అని చెప్పగానే బాబాయి ఫోను లాక్కున్నాడు. "పిల్లలు రానీ అమ్మడూ, ఎంతమందైనా రానీ. పక్షులు మన నేస్తాలు అని పాటలు మాత్రం నా గట్టు మీద పాడించకు" అన్నాడు. ఆయన బాధా న్యాయమైనదే. ఆ ఏడు వానలకి పెద్ద చెరువు గట్టు తెగి, చేపంతా కొల్లేటిలో కలిసిపోయింది. మళ్ళీ గట్టు పోసుకుని, చిన్న చెరువులో చేపపిల్లని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు. కొత్త సంవత్సరం రాగానే దాన్ని పెద్దదాంట్లో వదలాలి. అది దక్కితేనే వాళ్ళకి ఏడాది గడిచేది.

మేం బయల్దేరిన రోజు మంచు ఎలా ఉందంటే, భీమడోలు దాటామో లేదో కూడా డ్రైవరుకి తెలియలేదు. పిల్లలు మంకీ క్యాపుల్లో మొహాలు దాచుకుని, అంత్యాక్షరి ఆడి ఆడి గొంతులు పోగొట్టుకున్నారు. ముందు పక్షులు, తరవాత టిఫిను అని నా ప్లాను. ఆటపాక చేరేసరికి చెరువు లేదు, ఆకాశం లేదు, అంతా తెల్లగా ఉంది. మంచు విడిచేదాకా బోటు తియ్యలేమన్నారు. వాళ్ళ తప్పేముంది, మా చెయ్యే మాకు కనపడటం లేదు. రెక్కల చప్పుడు, కీచులాటలు, దబ్బున నీళ్ళలో పడ్డ శబ్దాలు మాత్రం వినిపిస్తున్నాయి. "మేడమ్, ఇవి రేడియోలో వచ్చే పక్షులాండీ?" అన్నాడొకడు. ఇంకో రోజైతే నవ్వేదాన్నే. బస్సుని మధ్యాహ్నానికి పెళ్ళివారికి అప్పగించాలి, ఆగడానికి లేదు. నెల రోజుల చార్టులు, ఒక్క బైనాక్యులర్స్, ఏమీ చూడని పిల్లలు. బస్సుని మకాం వైపు తిప్పించాను.

పిన్ని వేడివేడి ఇడ్లీలు, అల్లప్పచ్చడి సిద్ధంగా ఉంచింది. పక్షుల్ని తోలే పనివాళ్ళు కూడా తోలడం మానేసి వడ్డనలో పడ్డారు. బాబాయి స్వయంగా పచ్చడి బకెట్టు పట్టుకుని "ఇంకోటి వెయ్యమంటావా నాయనా" అని తిరుగుతున్నాడు. ఎవరూ చెరువు వైపు చూడలేదు. ఇంతలో తెర లాగినట్టు మంచు విడిచింది. చిన్న చెరువు నిండా గూడబాతులు! తీరిగ్గా, పెళ్ళి పందిట్లో కూర్చున్నట్టు కూర్చుని, మెడ ముంచి సంచీ నింపుకుని, తల పైకెత్తి మింగుతున్నాయి. బాబాయి చేతిలో బకెట్టు జారిపోయింది. ఒక్క దూకులో పాకలోకి వెళ్ళి, ఒక చేతిలో తారాజువ్వ, ఇంకో చేతిలో వెలుగుతున్న అగరవత్తితో బయటికొచ్చాడు. అప్పుడు ఇడ్లీ పళ్ళెం కింద పెట్టి ఒక పిల్ల లేచి నిలబడింది, మొన్న ఫోను చేసిన పిల్లే. క్లాసులో గట్టిగా మాట్లాడి ఎరగదు. "తాతగారూ, ఒక్క బొమ్మ వేసుకుంటామండీ" అంది.

బాబాయి చెరువు వంక చూశాడు, పిల్లల వంక చూశాడు, నా వంక చూశాడు. ఆగమని నేనెలా అంటాను? ఆ నీళ్ళలో ఏముందో నాకు తెలుసు. పిన్ని ఒక్కటే అంది, "ఏవండీ, పాపం, అంత దూరం నుంచి వచ్చారండీ." ఆయన అగరవత్తిని బురదలో గుచ్చేశాడు. "ఊఁ, వేసుకోండి" అని తవుడు బస్తా మీద చతికిలబడ్డాడు.

అంత నిశ్శబ్దంగా ఆ పిల్లల్ని నేనెప్పుడూ చూడలేదు. గట్టు మీద వరసగా కూర్చుని, పెన్సిళ్ళు కొరుక్కుంటూ గీస్తున్నారు. ఒకడు గుసగుసగా అడిగాడు, "మేడమ్, ఒక్కోటి రోజుకి ఎంత చేప తింటుందండీ?" పుస్తకంలో చదివిన అంకెని ఘనంగా చెప్పేశాను. పక్కకి చూద్దును కదా, బాబాయి పెదాలు కదులుతున్నాయి. పక్షుల్ని లెక్కపెట్టి హెచ్చవేత! నాలుక కరుచుకున్నాను. ఒక్కొక్కరూ బొమ్మ ముగించి లేస్తున్నా ఆ మొదటి పిల్ల మాత్రం కదల్లేదు. "ఏమ్మా, అవలేదా?" అన్నాడు బాబాయి, చెరువు వంకే చూస్తూ. "కాళ్ళు కనపడటం లేదండీ, నీళ్ళలో ఉన్నాయండీ. ఒక్కటి గట్టెక్కితే చూసి వేస్తానండీ" అంది ఆ తల్లి. బాబాయి తల పట్టుకున్నాడు. అల్లుళ్ళు గట్టెక్కడం లేదు, తింటున్నారు. ఆయన బస్తా మీంచి లేచి, కండువా సర్దుకుని, చెరువు వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "బాబ్బాబూ, ఒక్కడైనా బయటికి రండయ్యా. ఆ పిల్లకి కాళ్ళు చూపించి వెళ్ళి మళ్ళీ తిందురుగాని!" పిల్లలు నోళ్ళు నొక్కుకుని నవ్వుతుంటే, ఆయన మాట విన్నట్టే ఒక ముసలి గూడబాతు తాపీగా గట్టెక్కి, పొట్టి కాళ్ళ మీద అటూ ఇటూ ఊగుతూ నాలుగడుగులు వేసింది.

బొమ్మలో కాళ్ళు పడ్డాయి. "అయిందా అందరికీ?" అన్నాడు బాబాయి. "అయిందండీ!" "అయితే ఇంక నా వంతు. మీరంతా గొంతెత్తి అరవాలి. మేడమ్ గారూ, కోప్పడకండి, ఇదీ చదువే." అంత్యాక్షరికి పోయాయనుకున్న గొంతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆ పక్షులన్నీ నీళ్ళు చిందించుకుంటూ మా నెత్తుల మీదుగా ఎగిరాయి. ఆ రెక్కల గాలి మొహాలకి తగిలింది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. బాబాయి కూడా కొట్టాడు, నేను చూశాను.

ఆ పొద్దున ఎంత చేపపిల్ల పోయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. పెద్ద చెరువులో పల్చగానే వదిలాడు. పల్చగా పడ్డ చేప ఒక్కోటీ బాగా ఎదిగింది గానీ, లోటు లోటే. ఆ ఏడు క్రిస్మస్‌కి, మరుసటేడు క్రిస్మస్‌కి కూడా పిన్ని పాత చీరతోనే గుడికి వచ్చిందని చాలా కాలానికి గమనించాను. అడిగితే "మరి అల్లుళ్ళొచ్చారంటే ఖర్చుండదా?" అని నవ్వేసింది. ఆ తర్వాత నుంచి ప్రతి చలికాలం బాబాయే ఫోను చేసేవాడు. "అమ్మడూ, దిగారు. పిల్లల్ని ఎప్పుడు తెస్తున్నావు? తొందరగా చెప్పు, ఆ పూట నేను జువ్వలు వెయ్యకుండా ఉండాలి." ఆయన ఓర్చుకునేది ఏడాదికి ఆ ఒక్క పూటే.

ఆ ఆదివారం సాయంత్రమే ఆయనకి ఫోను చేసి సంగతి చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు చెరువు కౌలుకిచ్చేశాడు. కౌలుదారు చెరువంతా వల కప్పేశాడు, పక్షి వాలదు. ఇక లాభం లేదని ఆ పిల్లకి చెబుదామనుకుంటుంటే, "ఒక్క పూట ఆ వల తీయిస్తాను, రమ్మను" అన్నాడు. "నన్ను కూడా గట్టు మీద కూర్చోబెట్టమను. అవునూ, కాళ్ళ పిల్లేనా?" అవునన్నాను. అవతల ఆయన నవ్వు చాలాసేపు వినిపించింది. ఏళ్ళు కూడా ఆయన అల్లుళ్ళలాగే వచ్చాయి. పిలవకుండా దిగి, మోకాళ్ళూ చెరువులూ తినేసి వెళ్ళాయి. ఆ రోజు అగరవత్తిని బురదలో గుచ్చిన ఆ కాసేపటిని మాత్రం అవి ముట్టుకోలేకపోయాయి.