నిక్షేపంగా ఇవ్వొచ్చు సార్

మందుల కంపెనీ రెప్ డాక్టరు గది ముందు గోడకు ఆనకుండా నిలబడతాడు; చొక్కా ఇస్త్రీ నలగకూడదు. బరువైన బ్యాగును కాళ్ల మధ్య ఇరికించుకుని, చెప్పబోయే మాటలను లోలోపలే వల్లె వేసుకుంటాడు. పిలుపు రాగానే ముఖాన నవ్వు పులుముకుంటాడు. ఏమడిగినా తడుముకోడు. ఆ రోజు కొత్తగా అనుమతి వచ్చిన తలనొప్పి మాత్రలు చూపిస్తుంటే, "పాలిచ్చే తల్లులకు ఇవ్వొచ్చా?" అని డాక్టరు అడిగాడు. "నిక్షేపంగా ఇవ్వొచ్చు సార్," అనేశాడు. కొన్ని శాంపిల్ మాత్రలు డాక్టరుకు ఇచ్చి వచ్చాడు.

అతను బయట బ్యాగు సర్దుకుంటుండగా ఒక తల్లి నెలల బిడ్డతో లోపలికి వెళ్లి, అవే మాత్రలతో తిరిగి వచ్చింది. తలపోటుకు కళ్లు చికిలించుకుంటూ బల్ల మీద కూలబడి, ఒక మాత్ర చేతిలోకి తీసుకుంది. బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. రెప్ బ్యాగు వదిలేసి ఆమె వైపు ఉరికాడు. ఆ మందును పాలిచ్చే తల్లుల మీద ఇంకా పరీక్షించలేదని అతనికి తెలుసు. "ఆగమ్మా! వేసుకోకు!" ఆ కేకకు వరండా అంతా తిరిగి చూసింది. "ఏమైందన్నా?" అంటూ ఆమె బెదిరిపోయింది. "రామ్మా, డాక్టరు గారికి చెప్పాలి."

లోపల అతని మాట తడబడింది. "సార్, ఇది పాలలోకి ఎంత వెళ్తుందో, బిడ్డకు ఏమవుతుందో తెలియదు."

"మరి ఇందాక నిక్షేపంగా ఇవ్వొచ్చన్నావే?" డాక్టరు నిలదీశాడు.

"తెలియదని చెప్పే అలవాటు లేదు సార్."

డాక్టరు ముఖం ఎర్రబడింది. బాలింతలు ఎన్నాళ్లుగానో వాడుతున్న పాత మందు ఆమెకు రాసిచ్చి, కొత్త మాత్రలన్నీ అతని వైపు నెట్టాడు. "తెలిశాకే రా."

బయట ఆమె గోడవైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. ఏడుపు ఆగింది. అతను చప్పుడు చేయకుండా ఆమె వెనకనుంచి వెళ్లిపోయాడు.