ఐదు శ్రుతి నుంచి మూడుకు

సారపాకలో మిల్లు వెనక వీధిలో జాకెట్లు కుట్టే వనజను అడిగితే తనకు ఇద్దరమ్మలని చెబుతుంది. ఒకరు ఇల్లెందులో ఉన్న కన్నతల్లి, ఇంకొకరు పక్కింటి కన్నమ్మ. పెళ్లై కొత్తగా వచ్చినప్పుడు, భర్త రాజేష్ షిఫ్టుకు పోతే వనజను పలకరించే దిక్కుండేది కాదు. గోడ చాటున ఏడుస్తున్న పిల్లను కన్నమ్మ రెక్క పట్టి గుడిలో శనివారం భజనకు లాక్కెళ్లింది. హార్మోనియం ముందు కూలేసి, "ఏడ్సుడు ఇంటికాడ ఏడ్సు గానీ, ఈడ శ్రుతి పట్టు" అంది. వేళ్లు పెట్టడం కూడా తనే నేర్పింది. ఆ పుణ్యాన వనజకు ఆ ఊళ్లో నలుగురు మనుషులయ్యారు.

కన్నమ్మ పాడేది ఐదు శ్రుతిలో. హార్మోనియం మీద తెల్ల మెట్లకు అంకెలుంటాయి, నల్లవి వాటి మధ్య అరలు. అంకె పెరిగిన కొద్దీ గొంతు పైకి పోవాలి. ఆ వీధుల్లో భజన బృందాల గొప్పంతా శ్రుతిలోనే ఉంది. భక్తి ఎంతుందో ఆ దేవుడికే ఎరుక, ఎవరెంత పైన పాడారన్నదే వీళ్లకు లెక్క. కన్నమ్మ మాత్రం తక్కువ తిన్నదా? పక్క వీధి వాళ్లను "రెండు శ్రుతి బృందం" అని నోరారా వెక్కిరించిన మనిషే.

అలాంటి కన్నమ్మకు కంఠం దగ్గర గడ్డ లేస్తే ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. కానీ పాట ఎత్తుకుంటే పైన గొంతు చీలిపోయేది. కొన్ని వారాలు చూసి భజన మానేసింది. "గొంతు పోయింది బిడ్డా. ఇచ్చినోడే తీస్కపోయిండు" అంది. వనజ మిరియాల పాలు కాచి ఇచ్చింది, తేనె నాకించింది. లాభం లేదు. పాటతో పాటు కన్నమ్మ మాట కూడా తగ్గిపోతుంటే వనజకు బెంగ పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం కన్నమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, తనకే తెలియకుండా కూనిరాగం అందుకుంది. వనజ మిషను ఆపి విన్నది. ఎక్కడా చీలిక లేదు. నిండుగా ఉంది, కాకపోతే కాస్త కిందుంది. అందులోని స ను చెవిలో పెట్టుకుని గుడికి పరుగెత్తి హార్మోనియం మీద వెతికితే మూడు దగ్గర తగిలింది. గొంతు పోలేదు, కిందికి దిగింది, అంతే. ఇన్నాళ్లూ అందరూ కలిసి ఆమెను ఐదు మీదికే ఎక్కించి, పడిపోయిందని బాధపడుతున్నారు.

చిక్కేమిటంటే వనజ వేళ్లకు వచ్చింది ఐదు ఒక్కటే. మూడు నుంచి మొదలుపెట్టి అలవాటు కొద్దీ ఐదులోని మెట్లే నొక్కితే, సంబరంగా ఉండాల్సిన కీర్తన కాస్తా శోకాలు పెట్టింది. దాంతో పాల్వంచ బస్సెక్కి, ఒకప్పుడు బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించిన సారంగపాణి ఇంటికి పోయింది.

సంగతి విని ముసలాయన నవ్వాడు. "నా క్లారినెట్ మీద ఒకటి పడితే నీ హార్మోనియం పెట్టె మీద ఆరున్నర పలుకుతది. అయినా పెండ్లిళ్లల్ల కలిసి వాయించలేదా మేము? స యాడ పెట్టుకున్నా ఫరక్ లేదు బిడ్డా. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ నడుమ ఎడం మారొద్దు. మూడు కాణ్నుంచి అదే ఎడం పట్టాల్నంటే నల్ల మెట్లు ఎక్కువ తొక్కాలె."

తర్వాత తన పాత పెట్టె మీద ప, ని, రి కలిపి నొక్కి, పైన మ చేర్చి ఆగిపోయాడు. వనజ ఉండబట్టలేకపోయింది. "స వెయ్యండి సారూ."

"చూసినవా? ప మీద ఇట్ల నాలుగు స్వరాలు కలిపి కట్టిన ఈ కార్డు స కాడికి పోందే ఊకోదు. వినేటోళ్లను ఊకోనియ్యదు. ఏ శ్రుతిలనైనా, ఏ వాయిద్యం మీదనైనా గంతే."

ఆ ఎండాకాలం వీధిలో జాకెట్లన్నీ ఆలస్యమయ్యాయి. వనజ తిట్లు తింటూనే నల్ల మెట్లు నేర్చుకుంది.

"పాడకు పెద్దమ్మా, ఇననన్నా రా" అని బతిమాలి ఒక శనివారం కన్నమ్మను గుడికి తీసుకొచ్చింది. కన్నమ్మ గోడకానుకుని కూచుంది. వనజ మూడులో ఎత్తుకుంది. పల్లవి ముందర ప మీద కార్డు పట్టి, స కు పోకుండా ఆగింది. ఢోలక్ వాయించే చందర్ చెయ్యి గాల్లో పెట్టి చూస్తున్నాడు. ఇవాళ పాడకపోతే కన్నమ్మ ఇక పాడదని వనజకు తెలుసు. మెట్లు వదల్లేదు.

"ఏందే, గట్ల ఆపినవ్? ముందుకు పో" అంది కన్నమ్మ.

వనజ పోలేదు. కన్నమ్మ కొంగు సర్దుకుంది, అటూ ఇటూ కదిలింది, ఇక పట్టలేక తనే స అందుకుంది. స నుంచి పల్లవిలోకి, పల్లవి నుంచి చరణంలోకి పోయింది. చరణం పైన గొంతు చీలుతుందని అందరూ అనుకున్నారు. చీలలేదు.

పాటయ్యాక కన్నమ్మ అడిగింది. "ఎన్నో శ్రుతే ఇది?"

వనజ ఈ మనిషికి అబద్ధం చెప్పలేకపోయింది. "మూడు, పెద్దమ్మా."

కన్నమ్మ కళ్లు తుడుచుకుంది.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా. సచ్చేదాకా మూగగనే ఉండాల్నేమో అనుకున్న." బాసింపట్టు వేసుకుని సర్దుకు కూచుంది. "ఇంకోటి ఎత్తు. మూడులనే."