రేపు మాస్టారి బుధవారాలు

మా వీధి మలుపులో ఒక కుట్టు దుకాణం ఉంది. అందులో కూర్చునే మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, వీధిలో ఎవరిని అడిగినా "రేపు మాస్టారు" అనే చెబుతారు. బట్ట తీసుకెళ్ళిన రోజున ఆయన శ్రద్ధ చూడాలి. మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క, భుజం దగ్గర ఒకటికి రెండుసార్లు కొలత. ఆ తర్వాత మనం ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట, "రేపు రండి."

అబద్ధాలాడే మనిషి కాదు. అనేటప్పుడు నిజంగానే రేపు ఇచ్చేద్దామనుకుంటాడు. ఒకరి చొక్కాకు కాలరు వేస్తుండగా ఇంకొకరి గౌను గుర్తొస్తుంది, గౌను అంచు మడుస్తుండగా మరొకరి కర్టెన్లు గుర్తొస్తాయి. అందుకే ఆ దుకాణం నిండా చేతుల్లేని చొక్కాలూ, ఒంటికాలి ప్యాంట్లూ వేలాడుతుంటాయి. బేకరీ ఆయన పెళ్ళికోటు చంక కింద కుట్టు పడకుండానే పెళ్ళిముహూర్తం వచ్చేసింది. గుండుసూదులు గుచ్చి తొడిగి పంపాడు. పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ బేకరీ ఆయన ఎడమచెయ్యి ఎత్తి, వచ్చినవాళ్ళందరినీ దీవిస్తున్నట్టు ఉంటాడు.

మాస్టారి భార్య కాజాలు కుడుతుంది. ఆమె సూది ఎంత పదునో నోరూ అంతే. "దేవుడు ఆరు రోజుల సృష్టి మా ఆయనకి అప్పజెప్పి ఉంటే, ఇప్పటికీ మనం చీకట్లో తడుముకుంటూ ఉండేవాళ్ళం" అంటుంది.

ఇలాంటి మనిషికి అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బుధవారం పఠనం అప్పగించారు. ఆదివారం ఆయన చెబితే వింటాం గాని, ఇంటికొచ్చి బైబిలు తెరిచేవాళ్ళం కాదు. మా ఇంట్లో అయితే అది కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా బరువుగా ఉండేది. వారానికొక సాయంత్రం అందరూ ఒకచోట చేరి మొదటినుంచీ చదువుకోండి అన్నారు అయ్యగారు. మాస్టారి దుకాణంలో బెంచీలున్నాయి, మాస్టారికి గొంతుంది. అంతకుమించి ఆలోచించలేదు.

మాస్టారికి మాత్రం అది చిన్న సంగతి కాదు. తిట్టడానికి కాకుండా మరో పనికి జనం ఆయన దగ్గరికి రావడం జీవితంలో అదే మొదలు. బుధవారం మధ్యాహ్నమే దారపు పోగులన్నీ ఊడ్చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాడు. ఆ చొక్కాకూ ఒక గుండీ ఉండేది కాదు, అది వేరే సంగతి.

మొదట్లో బాగానే వచ్చాం. జలప్రళయానికి ముందు ఓడ కట్టే చోట ఇన్ని మూరలని రాగానే ఆయన పుస్తకం పక్కన పెట్టి టేపు తీశాడు. "అక్కా, చెయ్యి చాపు, మూర ఎంతో చూద్దాం" అని నా మోచెయ్యి కొలిచాడు. తర్వాత బేకరీ ఆయనది కొలిచాడు. రెండూ కలవలేదు. ఎవరి మూరతో కట్టారన్న విచారణలోనే కూటం ముగిసింది, ఓడ నీళ్ళలోకి దిగనే లేదు. ఆ తర్వాత వంశావళులు వచ్చాయి. ఎవరికి ఎవరు పుట్టారో ఒక్క పేరూ వదలకుండా, డబ్బు బాకీపడ్డ ఖాతాదారులను పిలిచినట్టు పిలిచాడు. వారం వారం బెంచీలు పలచబడ్డాయి. చివరికి నేనూ, బేకరీ ఆయనా, కాజాల కోసం ఎలాగూ అక్కడే ఉండే ఆయన భార్యా మిగిలాం.

అయ్యగారు వచ్చి మెల్లగా చెప్పారు. "నెలాఖరు బుధవారం నేనే వచ్చి చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆపేద్దాం మాస్టారూ. మీ తప్పని అనడం లేదు."

మాస్టారు దారం ఉన్న సూదికే మళ్ళీ దారం ఎక్కించబోయాడు.

ఆ వారమే, అన్నలందరూ ఏకమై తమ్ముణ్ణి పట్టుకునే కథ మొదలైంది. తండ్రి ఆ పిల్లవాడికి ముచ్చటపడి చేయించిన అంగీ దగ్గర మాస్టారు ఆగిపోయాడు. "అంత అంగీ కుట్టినవాడి పేరు ఎక్కడా రాయలేదు చూశారా."

"ఎవరైతేనేం, ఇచ్చాడుగా" అంది భార్య, సూదిమీంచి తల ఎత్తకుండా.

అన్నలు ఆ అంగీ లాగేసి, పిల్లవాణ్ణి గోతిలో పడేశారు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నర్సమ్మ గుమ్మంలోకొచ్చి, "నా యూనిఫారం ఏదండీ?" అంది. మాస్టారు అలవాటు చొప్పున పుస్తకం టప్పున మూసి, "రేపు రండి" అన్నాడు. తర్వాత మమ్మల్ని చూసి, కూటమూ అయిపోయిందనుకుని, "మీరు వచ్చే బుధవారం రండి" అన్నాడు.

"గోతిలోంచి తియ్యకుండానే?" అన్నాను.

"గోతిలో ఎవరున్నారు?" అంది నర్సమ్మ, యూనిఫారం మాట మరిచిపోయి.

ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కనబడ్డవాళ్ళకల్లా పిల్లవాడు గోతిలో ఉన్నాడని చెప్పాను. మరుసటి బుధవారం బెంచీలు నిండాయి. మాస్టారు మనుషులను లెక్కపెట్టలేదు గాని, మొహం వెలిగింది. అప్పటినుంచి ఎక్కడ ఆపాలో కత్తెర వేసినంత సూటిగా తెలిసింది ఆయనకు. అన్నలు బానిసగా అమ్మేశాక, యజమాని భార్య వాడి పైబట్ట పట్టుకుని లాగిన చోట ఆపాడు. జైలు తలుపు మూసిన చోట ఆపాడు. ఆయన ఆలస్యం మొదటిసారి ఒక సద్గుణమైంది.

నా సంగతి తెలుసు కదా, పక్కింట్లో గిన్నె మోగినా కారణం తెలియాలి నాకు. బిల్లులు పక్కకు తోసి, ఐదో తరగతి చదువుతో, మనవరాలి భూతద్దం పెట్టుకుని, పేజీల మీద పరుగెత్తి ముగింపు పట్టేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. అది విని నమ్మనివాళ్ళు తమ ఇళ్ళలో పుస్తకం తెరిచి చూసుకున్నారు. తెరిచినవాళ్ళు మూయలేదు.

తర్వాతి బుధవారానికి ఆ పిల్లవాడు పరాయి దేశంలో పెద్ద అధికారి అయ్యాడు, కరువులో ధాన్యానికొచ్చిన అన్నలు వాణ్ణి గుర్తుపట్టలేదు. వాళ్ళతో వచ్చిన చిన్నతమ్ముడి గోనెలో ఆ అధికారి వెండిగిన్నె దొరికిన చోట మాస్టారు ఆపి, అందరి మొహాలూ చూశాడు.

"తెలుసులేండి" అన్నాడు బేకరీ ఆయన. "పెట్టించింది ఆనాడు గోతిలో పడ్డవాడే. చివరికి ఏడ్చి కౌగలించుకుంటారు."

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "అందరికీ తెలిశాక ఇంక నేనెందుకు? బట్టలు కుట్టుకుంటాను" అన్నాడు.

"ఈయన బట్టలు కుడతానన్నాడంటే ఒంట్లో బాగోలేనట్టే" అంది భార్య. ఆమె గొంతులో మాత్రం వేళాకోళం లేదు.

నెలాఖరు బుధవారం వచ్చింది. దుకాణం షట్టరు దించి ఉంది. లోపల మిషను టకటకమంటోంది. అయ్యగారు వచ్చే వేళయింది. పిలిస్తే పలకడం లేదు. మేమంతా రోడ్డు మీద నిలబడ్డాం. నిలబడ్డవాళ్ళం ఊరికే ఉంటామా?

"గిన్నె దొరికిన చిన్నవాడి బదులు నేను బానిసగా ఉంటానన్నాడే, ఆ పెద్దన్నది ఎంత మంచి మనసో" అన్నాను.

"పెద్దన్న కాదు పిన్నీ" అంది నర్సమ్మ.

"ఇంటికి పెద్దకొడుకు కాక ఎవరుంటారే? నా అంత సంసారం చేసి చెప్పు."

"చిన్నవాడే ఒప్పేసుకున్నాడనుకుంటా" అన్నాడు బేకరీ ఆయన.

"నువ్వు ముగింపు తప్ప ఏదీ చదవలేదు" అన్నాను.

మా గొంతులు వీధి చివరిదాకా పోయాయి. వెనక్కి తిరిగితే అయ్యగారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి వింటున్నారో తెలియదు. నోరు తెరవబోయారు.

"మీరు చెప్పకండి అయ్యగారూ" అన్నాను. "బుధవారం మాస్టారిది."

మిషను ఆగిపోయింది. షట్టరు మోకాలెత్తున లేచింది. దాని కిందనుంచి మాస్టారి తల బయటికొచ్చింది.

"పెద్దవాడు కాదక్కా. లోపలికి రండి, చదువుతాను."

వంగి వంగి లోపలికి వెళ్ళాం, అయ్యగారితో సహా. మాస్టారు ఒక్కో మాటా కుట్టు వేసినట్టు నెమ్మదిగా చదివాడు. ముసలి తండ్రి ఇంకొక కొడుకును పోగొట్టుకుంటే బతకడని బతిమాలుతూ, చిన్నవాడి బదులు నన్ను ఉంచుకోండని నిలబడినవాడు ఎవరో కాదు. ఆనాడు గోతి దగ్గర, తమ్ముణ్ణి అమ్మేద్దామన్నవాడే. నేను ఆ పేజీ మీద పరుగెత్తుకుంటూ పోయాను. ముగింపు దొరికింది గాని, మనిషి కనబడలేదు. కాజా కుడుతున్న ఆమె సూది గాల్లో ఆగిపోయింది. బేకరీ ఆయన తన బూట్లు చూసుకున్నాడు.

అక్కడ ఆపుతాడనుకున్నాం. ఆపలేదు. అన్నదమ్ములు మెడలు పట్టుకుని ఏడ్చేదాకా చదివాడు. పుస్తకం మూసి, "అయిపోయింది" అన్నాడు. ఆ దుకాణంలో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. భార్య ఆయన వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"వచ్చే వారం?" అన్నారు అయ్యగారు, బెంచీ మీద కాస్త సర్దుకుని కూర్చుంటూ. ఆపేసే మాట ఎత్తలేదు.

"ఇంట్లో చదువుకునే రమ్మనండి. ఇక్కడ నెమ్మదిగా చదువుకుందాం" అన్నాడు మాస్టారు.

మనిషి మంచి ఊపు మీద ఉన్నాడు కదా అని నేను సందు చూసుకున్నాను. "తమ్ముడూ, ఇందాక అంతసేపు మిషను తొక్కావు, మా మనవరాలి గౌనేనా? అదీ అయిపోయినట్టేనా?"

మాస్టారు చెవి సందులో సుద్దముక్క సర్దుకున్నాడు.

"ఒక చెయ్యి అయింది" అన్నాడు. "రేపు రా అక్కా."