పదిహేడో బాణీ

పుంగనూరు గంగులప్ప పెళ్ళిళ్ళలో హార్మోనియం వాయిస్తాడు. మిగతా పొద్దంతా పగ సాధిస్తాడు. తనను నొప్పించిన ఒక్కొక్కరి మీదా ఏ రాగానికీ లొంగని నిమిషం నిడివి బాణీ ఒకటి కట్టి, రూళ్ళ నోటుబుక్కులో స్వరాలు రాసి, చెవి సందున దోపుకున్న ఎర్ర పెన్ను తీసి కింద వాయించే పద్ధతి రాసుకుంటాడు. ఇంటి ఓనరు బాణీ కింద "ఎడమ చెయ్యి కుంటాల" అని ఉంటుంది. బావమరిది బాణీ కింద "మూడు మెట్లు సాలు, వాడికి అంతకన్నా తెలివి లేదు" అని ఉంటుంది. పదిహేడోది మదనపల్లె సంగీతం అయ్యవారు నరసింహయ్యది. తొంభై ఆరులో నిండు సభలో ఆయన "ఏమప్పా ఈ పిచ్చి మోత!" అంటూ, గంగులప్ప వేళ్ళు తియ్యకముందే హార్మోనియం మూత దించేశాడు. అప్పుడు నలిగిన చిటికెన వేలు ఇప్పటికీ సరిగా వంగదు.

ఏడేళ్ళు కాచుకుని, అయ్యవారి సన్మానం నాడు అదే సభలో గంగులప్ప పదిహేడో బాణీ అందుకున్నాడు. మెట్లు ముట్టకుండా పాత తిత్తి ఒక్కటే ఆడించాడు. అందులోంచి అయ్యవారి ఉబ్బసం గురగురా పలికింది. నడుమ నడుమ మూతమీద వేలి దెబ్బతో దగ్గు. జనం గుర్తుపట్టి పగలబడి నవ్వారు. గంగులప్ప కడుపు చల్లబడింది. అయ్యవారు శాలువాతోనే ఆయాసపడుతూ లేచివచ్చి, అతని చెవి దగ్గర వంగాడు.

"దగ్గు తొందరగా వస్తాండాదప్పా. ఇంకొక్క ఊపిరి పట్టి సూడు."

తిరుగు బస్సులో గంగులప్ప పళ్ళు కొరుకుతూ దగ్గును ఒక ఊపిరి అవతలికి జరిపాడు. నోటితో ఊదుకుని చూశాడు. బాణీ కుదిరింది. కింద ఎర్రగా రాశాడు: "ఆయన సెప్పిందే నిజం. సచ్చినా క్షమించను."