రెండు పాయింట్ ఐదు ఎనిమిది

భూమిలో వేయడానికి తెచ్చిన సిమెంటు గొట్టాలు ఆ వీధిలో నెలరోజులుగా వరసగా పడి ఉన్నాయి. పిల్లలు వాటి మీదకెక్కి దూకుతూ ఆడుకునేవాళ్లు. పదమూడేళ్ల మిడత మాత్రం ఎక్కేది కాదు, పరిగెత్తేది. గొట్టం అడ్డొచ్చిన చోట కాలు కాస్త పైకి లేచేది, అంతే. పరుగు పరుగులాగే సాగిపోయేది. పొడుగాటి కాళ్లూ బొడిపెల్లాంటి మోకాళ్లూ ఉన్న ఆ పిల్లని ఇంట్లోవాళ్లు కూడా అసలు పేరు పక్కన పెట్టేసి మిడతా అనే పిలిచేవారు.

మైదానంలో పరుగులు నేర్పే మాస్టారు ఒక సాయంత్రం అటుగా పోతూ సైకిలు దిగి, స్టాండు వేసి మూడుసార్లు చూశారు.

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదండీ."

"అబద్ధం. వెనక కాలు పక్కకి మడిచి దాటిస్తున్నావు. అది ఊరికే రాదు."

"తిన్నగా తెస్తే బొటనవేలు తగులుతోందండీ. అందుకని మడిచాను."

మాస్టారు వంగి ఆమె పాదం చూశారు. బొటనవేలికి గోరు లేదు. అప్పటికిగానీ నమ్మలేదాయన. మర్నాడు ఉదయం ఆరింటికల్లా మైదానానికి రమ్మన్నారు.

మిడతకి తండ్రి లేడు. తల్లి బట్టల కంపెనీలో రోజంతా నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేసేది. ఎనిమిదేళ్లు పెద్దదైన అక్క మందుల షాపులో పనిచేస్తూ చెల్లెల్ని తనే పెంచింది. జడ వేయడం దగ్గర్నుంచి బూట్లు కొనడం దాకా అన్నీ అక్కే.

నూరు మీటర్లలో పది హర్డిళ్లు, ఒక్కోటీ తొడ పైదాకా వచ్చే ఎత్తు. రెండింటి మధ్య సరిగ్గా మూడే అడుగులు. ఒక్క అడుగు తప్పినా మిగతా హర్డిళ్లన్నీ మీదపడినట్టే. మిడత ఎనిమిదేళ్లు అదే పని చేసింది. ముంజేతులు గీరుకుపోయాయి, మోకాలు రెండుసార్లు పగిలింది. మాస్టారు అరచేతిలో స్టాప్‌వాచీ దాచుకుని నిలబడేవారు. చివర్లో ఒక్క అంకె చెప్పేవారు, మొత్తం ఎంత పట్టిందో. మధ్యలో ఆయన ఇంకా ఏవేవో కొలిచి చిన్న పుస్తకంలో రాసుకునేవారుగానీ, ఆ పుస్తకం ఎవరి కంటా పడనిచ్చేవారు కాదు. అంకెలన్నీ తెలిస్తే ఒళ్లు లెక్కలు వేసుకుంటుంది, పరిగెత్తదు అనేవారు.

ఇరవై ఒకటో ఏట ఆమె దేశంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది. ఆటల కోటాలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. తర్వాత రెండేళ్లూ పతకం ఆమెదే, కానీ టైమింగ్ మాత్రం పదమూడు పాయింట్ నాలుగు సెకన్ల దగ్గరే మొండికేసి కూర్చుంది.

అప్పుడు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. మొదటి హర్డిల్‌కి ఎనిమిది అడుగులు వేసి చేరుకునేది మిడత. దాన్ని ఏడుకి తగ్గిద్దామన్నారు. ఆర్నెల్లు ఏడడుగుల మీద కసరత్తు చేశారు. అడుగులు కుదిరినట్టే కుదిరి మళ్లీ చెదిరిపోయేవి. ఒక మంగళవారం ఉదయం ఉన్నట్టుండి అన్నీ కలిసొచ్చాయి. మాస్టారు వాచీ వంక చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"పదమూడు పాయింట్ సున్నా ఎనిమిది," అన్నారు మెల్లగా.

ఆ ఉదయం మైదానంలో ఇంకా ఇద్దరే ఉన్నారు. టిఫిన్ డబ్బా తెచ్చిన అక్క ఒకరు. మిడత కాళ్లకి రోజూ మాలిష్ చేసే పెద్దావిడ మరొకరు. ఎక్కడ నరం పట్టేసినా రెండు వేళ్లతో సరిచేస్తుందని ఆవిణ్ణి అందరూ నరాల పిన్ని అనేవారు. అక్క చప్పట్లు కొట్టింది. పిన్ని నూనె చేతుల్తోనే మిడత బుగ్గలు పిండేసింది. మాస్టారు మాత్రం పుస్తకం తీసి రాసుకున్నారు.

మూడు వారాలకి మిడతకి పిలుపొచ్చింది. గదిలో బల్ల వెనక ఒక అధికారి, పక్కన ఒక డాక్టరమ్మ.

"మీరు నిషేధించిన మందులు వాడుతున్నారని ఉత్తరం వచ్చింది," అన్నాడు అధికారి. సంతకం లేని ఆ కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

టైపు చేసిన ఉత్తరం. ఫలానా మంగళవారం ప్రాక్టీసులో పదమూడు పాయింట్ సున్నా ఎనిమిది, మొదటి హర్డిల్ రెండు పాయింట్ ఐదు ఎనిమిది, ఇంత తక్కువ కాలంలో ఇది మామూలుగా సాధ్యం కాదు, పరీక్షించగలరు. అంతే ఉంది. ఆ మంగళవారం సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే.

డాక్టరమ్మ ఎదురుగా నిలబడి ఉండగా మిడత పరీక్షకి మూత్రం సీసా నింపి ఇచ్చింది. నెలలో ఇంకో రెండుసార్లు తీసుకున్నారు. ఈలోగా పరీక్షల సంగతి బయటికి పొక్కింది, జాతీయ పోటీలూ జరిగాయి. మిడత పదమూడు పాయింట్ సున్నా ఐదులో గెలిచింది. గ్యాలరీలో చప్పట్లు అక్కడో ఇక్కడో వినబడ్డాయి. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి చెయ్యి కలిపి, కలిపిన చెయ్యి నిక్కరుకి తుడుచుకుంది.

ఉత్తరం రాసిన మనిషి తనకి మందు కూడా కలిపి పెట్టొచ్చనిపించి, అప్పట్నుంచి మిడత తన సంచికి తాళం వేయడం మొదలుపెట్టింది. సీలు ఊడని నీళ్ల బాటిలే ముట్టుకునేది. ఒకసారి మూత తీసి పక్కన పెట్టిన బాటిల్‌ని మళ్లీ తాకేది కాదు. టూత్‌పేస్టు కూడా సంచిలోనే. బూట్లు తొడిగేముందు లోపల వేలు పెట్టి తడిమి చూసేది.

ముందు అనుమానం పిన్ని మీద పడింది. ఏం మాత్రలు వేసుకుంటున్నావమ్మా అని ఆవిడ ఆ మధ్య రెండుసార్లు అడిగింది. నూనెలో ఏం కలుపుతోందో ఎవరు చూడొచ్చారు?

"పిన్నీ, రేపట్నించి రావద్దులే. నొప్పులు తగ్గాయి."

పిన్ని ఆమె మొహంలోకి చూసింది. "నొప్పి తగ్గలేదని నీ పిక్క చెబుతోంది. నువ్వు చెప్పేది ఇంకేదో," అంది. నూనె సీసా మూత బిగించి వెళ్లిపోయింది.

తర్వాత అక్క. మందుల షాపులో పనిచేసేది అక్కే. రక్తం పట్టడానికి మాత్రలు తెచ్చిచ్చేదీ అక్కే. ఇంట్లో అందరికంటే ముందు పెళ్లి కావలసిన మనిషి చెల్లెలి పరుగుల వెంట తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆ కడుపుమంట ఎక్కడో ఉండదా? మిడత ఆ మాత్రల్ని సింకులో పోసేసింది. అక్క వండింది తినడం మానేసి ఆఫీసు దగ్గర తినొస్తున్నానని చెప్పేది. మూడో నెలలో అక్క కంచం ముందు పెట్టి, అదే కంచంలోంచి ముందు తనొక ముద్ద తిని చూపించింది. మిడత తలొంచుకుందిగానీ చెయ్యి పెట్టలేదు.

మాస్టారి మీదకి మాత్రం ఆమె మనసు ఒక్కసారి కూడా పోలేదు.

మూడు పరీక్షల్లోనూ ఏమీ లేదని తేలింది. అధికారి ఫోను చేసి "అభినందనలు" అన్నాడు. ఆ గొంతులో కూడా ఏదో జీర వినిపించింది ఆమెకి.

ఆ తర్వాత జట్టు శిక్షణ శిబిరంలో ఒక కుర్ర కోచ్ ఆమె పరుగును వీడియో తీశాడు. "మేడమ్, అద్భుతం! బయల్దేరి మొదటి హర్డిల్ దాటి కాలు నేలకి ఆనేసరికి రెండు పాయింట్ ఐదు ఎనిమిది," అన్నాడు.

"అదేం లెక్క?"

"మీ మాస్టారు ఎప్పుడూ చెప్పలేదా? అది కోచ్‌లే కొలుస్తారు. మిగతావాళ్లకి కొలవాలని కూడా తెలీదు."

మిడత అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఆ అంకె ఉత్తరంలో ఉంది. అది అక్కకి తెలిసే దారి లేదు. పిన్నికి అసలే లేదు.

మాస్టారు ఒంటరిగా ఉండే గదికి ఆమె బస్సు దిగి నేరుగా వెళ్లింది. ఆయన కిటికీ ఊచలకి మేజోళ్లు ఆరేసుకుంటున్నారు.

"మాస్టారూ, ఆ ఉత్తరం మీరే రాశారా?"

ఆయన చేతిలో ఉన్న మేజోడు కూడా ఆరేసి, అప్పుడు తిరిగారు. "నేనే."

"ఎందుకు?"

"నీకు ముందు ఒక కుర్రాడు ఉండేవాడు. వాడు మందులు వాడలేదని అందరి ముందూ గుండె మీద చెయ్యేసుకుని మాటిచ్చాను. దొరికిపోయాడు. అప్పట్నుంచి నా చేతిలో వాచీని కూడా నేను నమ్మను."

"ఏడడుగులు మీరే కదా నేర్పింది! ఆర్నెల్లు మీ కళ్లముందే కదా చచ్చాను!"

"నిజమే. అయినా నమ్మలేకపోయాను."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే కాదంటావు."

"కాదంటే నమ్మేవారు కాదా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నమ్మేవాణ్ణి కాదమ్మా," అన్నారు.

మిడత ఏడవలేదు. ఆ రోజు ఇంటికెళ్లి, చేతులు కడుక్కుని అక్క పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. అక్క విని విని, "నీకు మందు పెట్టేంత తీరిక నాకెక్కడుందే? షాపులో కస్టమర్లకే ఇవ్వలేక చస్తున్నాను," అని నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. పిన్ని ఇంటికి మిడత మూడుసార్లు వెళ్లింది. ఆవిడ మంచినీళ్లిచ్చింది, కూర్చోబెట్టింది, కబుర్లు చెప్పింది. కాళ్ల మీద మాత్రం మళ్లీ చెయ్యి వేయలేదు. "ఇంకెవరినైనా చూసుకో తల్లీ. నువ్వు ఒళ్లు బిగబట్టుకుంటే నా వేళ్లకి దారి దొరకదు," అంది.

మాస్టార్ని వదిలేయమని అందరూ అన్నారు. మిడత వదల్లేదు. ఆయనకంటే బాగా ఆ పరుగు చూడగలిగినవాళ్లు ఇంకెవరూ లేరని ఆమెకి తెలుసు. కానీ ఒక షరతు పెట్టింది. పుస్తకంలో రాసే ప్రతి అంకె తనకీ చూపించాలి. అలా ఇంకో ఆరేళ్లు పరిగెత్తింది. దేశం రికార్డు పన్నెండు పాయింట్ తొంభై ఒకటికి దించింది. ప్రతి ఉదయం ఆయన పుస్తకం తెరిచి చూపించేవారు, ఆమె సంచి తాళం తీసి నీళ్లు తాగి మళ్లీ వేసేది. ఇద్దరూ ఆ విషయం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మడమ నరం తెగి ముప్పై ఒకటో ఏట పరుగు ఆపేసింది. ఆఫీసులో పెద్ద గుమాస్తా అయింది. వారానికి మూడు రోజులు మైదానంలో ఆడపిల్లలకి హర్డిల్స్ నేర్పుతోంది.

రెండేళ్ల క్రితం మాస్టారు ఆసుపత్రిలో పడ్డారు. మిడత వెళ్లి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మనిషి బాగా చిక్కిపోయారు. నర్సు బయటికెళ్లేదాకా ఆగి, చెయ్యి సాచి ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఇక నాకు తెలిసినా ఎవరికీ చెప్పేది లేదు. ఇప్పుడన్నా చెప్పు. ఆ మంగళవారం... ఏమన్నా వేసుకున్నావా?"

మిడత పాత కోపంతో చెయ్యి లాక్కోబోయింది. ఆయన కళ్లు చూసి ఆగింది. ఆయన నిజంగా అడుగుతున్నారు. పదకొండేళ్ల క్రితం అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నారు.

"లేదు మాస్టారూ."

ఆయన తలగడ మీద తల ఆన్చి, "సరే," అన్నారు.

మిడత ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మారో లేదో ఆమెకి తెలియలేదు. మణికట్టు మీద పట్టు మాత్రం ఆయన నిద్రపోయేదాకా వదల్లేదు.